పాత సీజడ్ 75బి పిస్టల్‌కు కొత్త సైట్లు బిగించడం ఎలా?

నా సీజడ్ 75బి 1990లలో చెక్ రిపబ్లిక్‌లో తయారై అమెరికాకు వచ్చింది. టెక్సస్‌లో సెకండ్ హ్యాండ్‌గా కొన్నాను. చేతిలో ఇమిడే తీరు, ట్రిగ్గర్, గురి అన్నీ బాగున్నాయి. సైట్లే, అంటే గురి చూసుకోవడానికి పిస్టల్ పైన ముందొకటి (ఫ్రంట్ సైట్), వెనకొకటి (రియర్ సైట్) ఉండే భాగాలే, ఇబ్బంది పెట్టాయి. తెల్ల చుక్కలు వెలిసిపోయాయి, నలభై దాటిన నా కళ్లకు ఫ్రంట్ సైట్ మసకగా కనిపించేది. అందుకే కొత్తవి తెప్పించి బిగించుకున్నాను. మొదటిసారి ఒక సైట్ పాడుచేసుకున్నాను, రెండోసారి సరిగ్గా కుదిరింది. ఆ రెండుసార్లూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. అమెరికాలో సొంత పిస్టల్‌కు సైట్లు మార్చుకోవడానికి ఫెడరల్ చట్టం అడ్డురాదు. కానీ హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. మన తెలుగువాళ్లలో చాలామందికి ఇది తెలియదు, స్నేహితుడి తుపాకీని ఇంట్లో పెట్టుకోవడానికి కూడా ఒప్పుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఇండియాలో అయితే ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతుకు కూడా లైసెన్స్ కావాలి, కాబట్టి అక్కడ ఈ పని లైసెన్స్ ఉన్న డీలర్‌కే అప్పగించాలి.

మీ పిస్టల్ ఏ రకమో చూసుకోండి

సీజడ్ 75ను చెకొస్లొవేకియాలో యోసెఫ్, ఫ్రాంతిషెక్ కౌత్స్కీ అనే అన్నదమ్ములు రూపొందించారు. పేరులోని 75 అంటే 1975. తర్వాత ఫైరింగ్ పిన్‌ను (తూటాను పేల్చే సూదిలాంటి భాగాన్ని) అడ్డుకునే భద్రతా భాగం చేర్చి ‘బి’ అన్నారు. 75బిలో రియర్ సైట్ డవ్‌టెయిల్ గాడిలో (అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే గాడి) అడ్డంగా కూర్చుంటుంది. ఫ్రంట్ సైట్ మాత్రం చిన్న గాడిలో నిలబడి, అడ్డంగా దూర్చిన రోల్ పిన్‌తో (చుట్టిన రేకులాంటి బోలు పిన్) ఆగుతుంది. స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కీ ముందుకూ కదిలే పై భాగం) ముందు వైపును పక్క నుంచి చూస్తే ఆ పిన్ తల కనిపించాలి. పిన్ ఏమీ లేకుండా సైట్ స్లైడ్‌లో భాగంలాగే ఉంటే, అక్కడ కొత్తగా గాడి కోయించాలి. అది ఇంట్లో చేసే పని కాదు, గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) దగ్గరికి తీసుకెళ్లండి.

కొనే ముందు కాల్చి చూడండి

చాలామంది సైట్లు కొన్నాక రేంజ్‌కు వెళ్తారు. అది తలకిందుల పని. పాత సైట్లతోనే, మీరు రోజూ వాడే తూటాలతో, చేతికి ఆనుడు పెట్టుకుని 15 గజాల నుంచి పది కాల్చండి. తూటా రంధ్రాల గుంపు ఎక్కడ పడిందో స్కేలుతో కొలవండి.

ఆ తర్వాత లెక్క సులువు. గురి తప్పిన దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించాలి. నా పిస్టల్‌లో సైట్ల మధ్య దూరం సుమారు 160 మి.మీ. 15 గజాలంటే 13,716 మి.మీ. గుంపు 3 అంగుళాలు, అంటే 76 మి.మీ. కిందికి పడింది. 76ను 160తో గుణించి 13,716తో భాగిస్తే దాదాపు 0.9 మి.మీ. వస్తుంది. అంటే కొత్త ఫ్రంట్ సైట్ పాతదానికన్నా 0.9 మి.మీ. పొట్టిగా ఉండాలి, లేదా రియర్ సైట్ అంత ఎత్తు పెరగాలి. ఫ్రంట్ సైట్ ఎత్తు తగ్గితే తూటా పైకి పోతుంది, పెరిగితే కిందికి పోతుంది. రియర్ సైట్ మాత్రం ఎటు జరిపితే తూటా కూడా అటే పోతుంది.

ఏ సైట్ అనేది మీ ఇష్టం. పగటి వెలుతురులో పోటీలకు ఫైబర్ ఆప్టిక్ (వెలుతురును పట్టి మెరిసే రంగు పోగు ఉన్నది) బాగుంటుంది. చీకట్లో కూడా కనబడాలంటే ట్రిటియం, అంటే రేడియోధార్మిక వాయువు వల్ల వెలిగే సన్న గాజు గొట్టాలున్నది. అయితే ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు, అందుకే పాత పిస్టల్‌తో వచ్చిన నైట్ సైట్లు చాలావరకు వెలుగు తగ్గి ఉంటాయి. కొత్తవి కొన్నా వాటి తయారీ సంవత్సరం అడిగి తీసుకోండి.

పిస్టల్ విప్పడం

తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, చాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూడండి, వేలితో తడిమి చూడండి. తర్వాత స్లైడ్‌ను కొద్దిగా వెనక్కి జరిపి, ఎడమవైపు వెనక భాగంలో స్లైడ్ మీదా ఫ్రేమ్ మీదా ఉన్న రెండు గీతలను ఒకే వరుసలోకి తెండి. కుడివైపు నుంచి స్లైడ్ స్టాప్ పిన్‌ను నెడితే అది ఎడమవైపుకు బయటికి వస్తుంది. ఇక స్లైడ్ ముందుకు జారుతుంది. స్ప్రింగ్, బ్యారెల్ తీసి పక్కన పెట్టేయండి.

స్లైడ్‌ను బెంచ్ వైస్‌లో, రెండు వైపులా తోలు ముక్కలో చెక్క ముక్కలో పెట్టి బిగించండి. ఖాళీ తూటా తొడుగులు బయటికొచ్చే కిటికీ దగ్గర మాత్రం బిగించొద్దు. అక్కడ గోడ పలచగా ఉంటుంది, వంగిపోవచ్చు. మీరు కొట్టే చోటికి ఎంత దగ్గరగా పట్టు ఉంటే అంత మంచిది.

రియర్ సైట్ తీయడం

పాత సైట్ మధ్యగీతకు ఎదురుగా స్లైడ్ మీద పెన్సిల్‌తో సన్నటి గుర్తు పెట్టండి. సైట్‌కు చిన్న లాక్ స్క్రూ ఉంటే వదులు చేయండి. ముందు రోజు రాత్రే గాడి అంచుల్లో పలచటి నూనె వేసి వదిలేస్తే సగం పని అయినట్టే. నల్ల పాలికోట్ పూసిన సీజడ్‌లలో ఆ పూత గాడిలోకి దిగి జిగురులా పట్టేస్తుంది.

ఇత్తడి పంచ్ (సుత్తితో కొట్టే కడ్డీ) వాడండి, స్టీల్ పంచ్ వద్దు. పిస్టల్‌ను వెనక నుంచి చూస్తే పాత సైట్ ఎడమ నుంచి కుడికి బయటికి పోతుంది, కొత్తది కుడి నుంచి ఎడమకు లోపలికి వస్తుంది. సాధారణంగా ఇదే పద్ధతి. మీ సైట్ తయారీదారు వేరేగా చెబితే అదే పాటించండి. పంచ్‌ను సైట్ అడుగు భాగానికి ఆనించి, చిన్న సుత్తితో గట్టిగా ఒక్కో దెబ్బ వేయండి. పై భాగంలో కొడితే సైట్ వంగుతుంది. సైట్ పుషర్ (స్క్రూ తిప్పి సైట్‌ను నెట్టే పరికరం) ఉంటే ఇంకా నయం, దెబ్బలే ఉండవు. సీజడ్ కాకుండా వేరే పాత పిస్టల్ అయితే ఇంకో జాగ్రత్త: కొన్నిటిలో రియర్ సైట్ కింద చిన్న స్ప్రింగ్ ఉంటుంది, సైట్ జరగగానే ఎగిరిపోతుంది. పైన వేలు అడ్డం పెట్టుకోండి.

అరగదీయడం: అసలు పని ఇదే

కొత్త సైట్ అడుగు కావాలనే కొంచెం పెద్దగా చేస్తారు. పాత పిస్టల్ గాడులన్నీ ఒకే కొలతలో ఉండవు కాబట్టి, ఎవరి గాడికి తగ్గట్టు వాళ్లు అరగదీసుకోవాలని వాళ్ల ఉద్దేశం. నేను మొదటిసారి ఆత్రంగా ఒకేసారి బాగా అరగదీశాను. సైట్ వేలితో నెడితేనే జారిపోయింది, డబ్బులు పెట్టి ఇంకోటి కొనాల్సి వచ్చింది. సైట్ పోతే ఇంకోటి దొరుకుతుంది. గాడి అరిగితే స్లైడ్ మళ్లీ దొరకదు. అందుకే ఆకురాయి ఎప్పుడూ సైట్ మీదే ఆడాలి, గాడి మీద ఒక్కసారి కూడా ఆడకూడదు.

సైట్ అడుగునా ఏటవాలు పక్కలకూ మార్కర్ పూసి, గాడిలోకి చేత్తో నెట్టి తీయండి. సిరా ఎక్కడ చెరిగిందో అక్కడే రాసుకుంటోంది. అద్దం పలక మీద సన్న ఎమరీ పేపర్ పరిచి, సైట్ అడుగును చదునుగా పెట్టి ఐదుసార్లు రుద్దండి. సైట్‌ను తిప్పి మళ్లీ ఐదుసార్లు రుద్దండి, లేకపోతే ఒక పక్కే అరుగుతుంది. మళ్లీ మార్కర్, మళ్లీ పరీక్ష. నాకు రెండోసారి గంటన్నర పట్టింది, ఆ సమయం దండగ కాలేదు. పక్కలు అరగదీయాల్సి వస్తే ఒక ముఖానికి పళ్లు లేని ఆకురాయి తీసుకోండి.

చేత్తో నెడితే మూడో వంతు లోపలికి పోయి ఆగాలి. అక్కడ అరగదీయడం ఆపేయండి. మిగతా దూరం పంచ్‌తో తోలాలి. మధ్యలో బిగుసుకుపోతే ఇంకా బలంగా కొట్టొద్దు, వెనక్కి తీసి మళ్లీ కొద్దిగా రుద్దండి. ట్రిటియం సైట్ అయితే గాజు గొట్టాలున్న వైపు దెబ్బ అసలు తగలకూడదు.

ఫ్రంట్ సైట్

రోల్ పిన్‌కు సరిపడే సన్న పిన్ పంచ్‌తో పిన్ తీస్తే సైట్ పైకి వస్తుంది. చాలా కొత్త ఫ్రంట్ సైట్లకు పిన్ రంధ్రం ఉండదు. సైట్‌ను గాడిలో అడుగంటా కూర్చోబెట్టి, క్లాంప్‌తో కదలకుండా నొక్కి, స్లైడ్‌లో ఉన్న పాత రంధ్రం గుండానే డ్రిల్ చేయాలి. బిట్ ఆ రంధ్రానికి సరిగ్గా సరిపోవాలి, అంతకన్నా పెద్దది కాకూడదు. డ్రిల్ ప్రెస్ లేకపోతే ఈ ఒక్క పని మటుకు గన్‌స్మిత్‌తో చేయించుకోండి. చేతి డ్రిల్ కొంచెం వంకరపోతే స్లైడ్ రంధ్రమే పెద్దదవుతుంది. పిన్ మాత్రం కొత్తది వాడండి.

రేంజ్‌లో సరిచూడడం

రియర్ సైట్‌ను పెన్సిల్ గుర్తుకు ఎదురుగా తెచ్చి రేంజ్‌కు వెళ్లండి. 15 గజాల దగ్గర గుంపు ఒక అంగుళం ఎడమకు పడితే, సైట్‌ను కుడికి 0.3 మి.మీ. జరపాలి. ప్రతి సవరణకు ముందు పిస్టల్ ఖాళీ చేసి, మళ్లీ చాంబర్ చూడండి. కుదిరాక ఇంటికొచ్చి అంచులను స్పిరిట్‌తో తుడిచి, నీలం లాక్‌టైట్ (స్క్రూలు వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేయండి. ఎరుపు రకం వద్దు, దాన్ని వదిలించాలంటే వేడి చేయాలి, ట్రిటియం గొట్టాలకు వేడి పడదు.

చివరగా, సైట్ మీదుగా స్లైడ్ మీదికి తెల్ల పెయింట్ పెన్‌తో ఒక సన్న గీత గీయండి. యాభై తూటాల తర్వాత ఒకసారి, రెండు వందల తర్వాత ఇంకోసారి ఆ గీత విరిగిందేమో చూసుకోండి. విరిగితే సైట్ జరిగినట్టే.