పాత సేఫ్టీ రేజర్‌తో మొదటిసారి గడ్డం గీసుకునే ముందు

ముందు రేజర్‌ని గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బుతో, పాత టూత్‌బ్రష్ పెట్టి బాగా రుద్దండి, ఎందుకంటే మర సందుల్లో ఎవరిదో ఎండిపోయిన నురగ ఏళ్ల తరబడి పేరుకుని ఉంటుంది. మరిగించొద్దు, పైపూత దెబ్బతింటుంది. ఆరాక స్పిరిట్‌తో తుడవండి.

బ్లేడు మాత్రం కొత్తదే వేయండి. మందం 0.1 మిల్లీమీటరే కాబట్టి, పదునులేని పొట్టి అంచులు పట్టుకుని బిగించి, రేజర్ తలని కళ్లకెదురుగా పెట్టి చూడండి: బ్లేడు రెండు వైపులా సమానంగా కనపడాలి. ఒకవైపు ఎక్కువుంటే విప్పి మళ్లీ బిగించాల్సిందే.

అసలు భయం చేతి అలవాటుతోనే. కార్ట్రిడ్జ్ రేజర్‌లా (తల మొత్తం మార్చే ఇప్పటి రకం) నొక్కితే తెగుతుంది! ఈ పాత రేజర్ బరువే చాలు. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండేలా పట్టుకుని, వెంట్రుకలు వాలిన వైపే, చిన్న చిన్నగా గీయండి.

మొటిమలున్నా, టైం లేకపోయినా ఆ రోజు వద్దు.