బోటుకి 150 లీటర్ల తాగునీటి ట్యాంకు: ఫైబర్‌తో కట్టే పద్ధతి

ఐదుగురు నాలుగు రోజుల వేటకు వెళ్తే తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్ల లెక్కన 100 లీటర్లు కావాలి. ఇంజను ఆగిపోయి సముద్రం మీద ఉండిపోవాల్సి వస్తే పనికొచ్చేలా ఇంకో 50 కలుపుకోండి. ఇన్ని నీళ్ళు డబ్బాల్లో పెడితే అవి అలలకు దొర్లుతాయి, మూతలు ఊడతాయి. ఇదివరకు ఆయిలో మందులో పోసిన డబ్బా అయితే ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన వదలదు. అందుకే బోటు కొలతకు సరిపోయే ట్యాంకు కట్టుకోవడం మేలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి, ఆ 61 రోజులు ఈ పనికి వీలైన సమయం.

ముందు అట్టముక్కలు కత్తిరించి, ట్యాంకు పెట్టే చోట అమర్చి చూడండి. బోటు మధ్యలో, ఎంత కిందికి వీలైతే అంత కిందికి ఉండాలి. అణియం (బోటు ముందు భాగం) వైపు పెడితే 150 కిలోల బరువుకి ముక్కు దిగిపోతుంది. డీజిల్ డబ్బాకి దూరంగా పెట్టండి. ఇక్కడ లెక్కంతా 100 సెం.మీ. పొడవు, 50 వెడల్పు, 30 లోతున్న ట్యాంకుకి. ట్యాంకు పొడవు వైపు బోటు పొడవు దిక్కునే ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అచ్చు. ఫైబర్‌లో అచ్చుకి ఆనుకున్న ముఖమే నున్నగా వస్తుంది, రెండోది గరుకుగా ఉంటుంది. బోటు కట్టేటప్పుడు నునుపు బయటికి కావాలి కాబట్టి ఫైబర్‌ని అచ్చు లోపలి వైపు వేస్తారు. నీళ్ళ ట్యాంకుకి నునుపు లోపల కావాలి. గరుకు ముఖం లోపలుంటే ఆ గుంటల్లో పాచి పట్టి, బ్రష్షుకి కూడా వదలదు. అందుకని సన్‌మైకా అంటించిన ప్లైవుడ్‌తో పెట్టె చేసి, బోర్లించి, దాని మీద ఫైబర్ వేయాలి. ట్యాంకు అడుగు వచ్చే వైపు ఒక్కో పక్క 1 సెం.మీ. తగ్గించి 98×48 ఉంచండి, లేకపోతే అచ్చు ఊడిరాదు. అంచులన్నీ 12 మి.మీ. గుండ్రంగా అరగదీయాలి. పదునైన మూలకి మ్యాట్ (రెసిన్‌తో తడిపి వేసే గాజు నార పరుపు) అతుక్కోదు, కింద గాలి మిగులుతుంది, రేపు పగులు అక్కడే వస్తుంది. పెట్టె కింది పలక చుట్టూ 5 సెం.మీ. బయటికి ఉంటే మూత అతికించే అంచు దాని మీదే వస్తుంది.

సరుకు: చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే చాప్డ్ మ్యాట్ 5 కిలోలు, ఐసోఫ్తాలిక్ రెసిన్ 12 కిలోలు, తాగునీటికి పనికొచ్చే ఐసో జెల్‌కోటు (నున్నటి ముఖానికి వేసే చిక్కటి రెసిన్ పూత) కిలోన్నర, తెల్ల రంగు పేస్టు, వ్యాక్స్ పాలిష్, పీవీఏ (అచ్చు సులువుగా ఊడిరావడానికి పూసే ద్రవం). బోటు బాడీకి వాడే మామూలు రెసిన్ మిగిలింది కదా అని ఇందులో పోయకండి. ఎప్పుడూ నీళ్ళలో నానేచోట అది ఐసో అంత నిలవదు.

కోబాల్ట్ (రెసిన్ త్వరగా గట్టిపడటానికి వేసే ద్రవం) ముందే కలిపిన రెసిన్ కొనండి. విడిగా ఇస్తే ముందు కోబాల్ట్‌ని రెసిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే క్యాటలిస్టు (రెసిన్‌ని గట్టిపరిచే ద్రవం) పోయాలి. ఈ రెండూ నేరుగా కలిస్తే పేలుతుంది. క్యాటలిస్టు కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా సీసా మూత తీయొద్దు. పడితే ఆగకుండా పావుగంట నీళ్ళు కొట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి.

మే ఎండకి కిలో రెసిన్‌కి 10 మి.లీ. క్యాటలిస్టు చాలు. ఒక్కసారి కిలోకి మించి కలపకండి. మగ్గులో వేడెక్కి, పొగ వచ్చి, గడ్డకట్టేస్తుంది. పొద్దున్నే నీడలో పని మొదలుపెట్టండి.

అచ్చుకి వ్యాక్స్ నాలుగుసార్లు పట్టించి, పీవీఏ పూసి ఆరనివ్వండి. తెల్ల జెల్‌కోటు రెండు పూతలు వేయండి. వేలు తాకిస్తే జిగురుగా తగిలి, వేలికి అంటకుండా ఉన్నప్పుడు మ్యాట్ మొదలుపెట్టాలి. మొత్తం నాలుగు పొరలు. మ్యాట్ బరువుకి రెండున్నర రెట్లు రెసిన్ పడుతుంది. ప్రతి పొరనీ ఇనుప రోలరుతో నొక్కాలి. తడిసిన మ్యాట్ గాజులా కనిపించాలి, తెల్లటి చుక్క ఉందంటే గాలి ఉన్నట్టే. చివరి పొరలో ముదురు బూడిద రంగు కలపండి. వెలుతురు లోపలికి దిగితే నీళ్ళు పచ్చబడతాయి.

మూతనీ, మధ్య అడ్డుగోడనీ చదునైన సన్‌మైకా మీద విడిగా వేసుకోండి. అడ్డుగోడ మానేయొద్దు. మన తీరంలో చాలాచోట్ల బోటు అలలు దాటుకుని ఇసుక మీదికే రావాలి. సగం నిండిన ట్యాంకులో నీళ్ళన్నీ ఒక్కసారి ముందుకి కొడితే అతుకు విడుతుంది. గోడ కింది మూలలు 5 సెం.మీ., పై మూలలు 3 సెం.మీ. కత్తిరిస్తే నీళ్ళు, గాలి అటూ ఇటూ పారతాయి. అతికే చోట జెల్‌కోటు గీకేసి, 8 సెం.మీ. మ్యాట్ పట్టీలు రెండేసి పొరలు వేయండి. లోపల గరుకుగా మిగిలిన ప్రతి చోటా మైనం కలిపిన జెల్‌కోటు పూయాలి. మైనం లేకపోతే గాలి తగిలే పైముఖం ఎప్పటికీ జిగటగానే ఉంటుంది.

మూత మీద అడ్డంగా మూడు కర్రబద్దలు పెట్టి ఫైబర్ కప్పండి. గోడకి ఇటొకటి అటొకటి, చెయ్యి దూరేలా 20 సెం.మీ. మరమూతలు రెండు ఉండాలి. నింపే గొట్టం 40 మి.మీ., గాలి గొట్టం 15 మి.మీ.; గాలి గొట్టం పైకి వెళ్ళి కిందికి వంగి, చివర సన్న జాలీతో ఉండాలి. నీళ్ళు తీసే కుళాయి అమరం (బోటు వెనక భాగం) వైపు, అడుగుకి 2.5 సెం.మీ. పైన. కడిగిన నీళ్ళు పోవడానికి అట్టడుగున ఇంకొకటి. పైపులు తాగునీటి రకమే తీసుకోండి.

మూత అతికించేటప్పుడు అంచుని ఇసుక కాగితంతో గీకి, మధ్యలో రెసిన్‌తో తడిపిన మ్యాట్ ఒక పొర పరిచి, బరువులు పెట్టండి. బయట చుట్టూ రెండు పట్టీలు.

వారం ఆగి పరీక్షించండి. నింపే గొట్టానికి అడుగెత్తు పైపు బిగించి నిండా నీళ్ళు పోసి, అతుకుల మీద ముగ్గుపిండి రాయండి. ఒక రోజు గడిచాక ఎక్కడైనా పిండి తడిసి నల్లగా గీత కనిపిస్తే అదే కారే చోటు.

వాసన పోవడానికి మూతలు తెరిచి రెండు వారాలు ఎండలో ఉంచండి. తర్వాత వేడినీళ్ళు నింపి, చల్లారాక పారబోయండి. మూడు నాలుగుసార్లు చేయాలి. ఒక రాత్రి నిలవుంచిన నీళ్ళలో రెసిన్ వాసన ఉంటే ఇంకా తాగొద్దు.

ట్యాంకు కింద 6 మి.మీ. రబ్బరు షీటు, నాలుగు పక్కలా చెక్క ఆపులు, పైన రెండు రాచెట్ బెల్టులు. బోటు గోడకి తాకకుండా 2 సెం.మీ. ఖాళీ ఉంచండి.

మొదటిసారి, ఆ తర్వాత నెలకోసారి, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 150 మి.లీ. కలిపిన నీళ్ళతో ట్యాంకు నింపి, కుళాయిలోకి కూడా వదిలి, రాత్రంతా ఉంచి, క్లోరిన్ వాసన పోయేదాకా కడగండి. ఇది ట్యాంకుని శుభ్రం చేస్తుందేగాని చెడ్డ నీళ్ళని మంచివి చేయదు. నింపే నీళ్ళు ఇంట్లో పిల్లలకు పట్టేవే అయి ఉండాలి. ఒడ్డుకి చేరేముందు మిగిలిన నీళ్ళు వదిలేస్తే ఇసుక మీద బోటు లాగేవాళ్ళకి ఆ బరువు తగ్గుతుంది.