సీసీఆర్7 స్టెయినింగ్ సరిగ్గా ఎలా చేయాలి?

మనిషి రక్తంలోని టీ కణాల్లో (రోగనిరోధక కణాల్లో ఒక రకం) ఏవి నైవ్ (ఇంకా ఏ శత్రువునూ ఎదుర్కోనివి), ఏవి మెమరీ (ఎదుర్కొని గుర్తుపెట్టుకున్నవి) అని తేల్చడానికి కణం మీద ఉండే సీడీ45ఆర్‌ఏ అనే గుర్తు పక్కన సీసీఆర్7 కావాలి. సెంట్రల్ మెమరీ (సీసీఆర్7 ఉన్నవి), ఎఫెక్టర్ మెమరీ (లేనివి) అనే విభజన 1999లో ఈ కీమోకైన్ రిసెప్టర్ (కణాలకు దారి చూపే సంకేతాలను అందుకునే ప్రొటీన్) మీదే నిలబడింది. ఇన్నేళ్ల తర్వాత కూడా నా దగ్గరికి వచ్చే గ్రాఫుల్లో ఎక్కువగా పాడయ్యేది ఈ స్టెయినింగే, అంటే వెలిగే రంగున్న యాంటీబాడీని కణాలకు అంటించడమే.

కావలసినవి: హెపారిన్ ట్యూబులో తీసిన తాజా రక్తం, సీసీఆర్7, సీడీ3, సీడీ4, సీడీ45ఆర్‌ఏ యాంటీబాడీలు, బఫర్, ఎర్రకణాలను పగలగొట్టే ద్రావణం, వాటర్ బాత్, గ్లవ్స్.

సీసీఆర్7కి రీకాంబినెంట్ మోనోక్లోనల్ (తెలిసిన జన్యువు నుంచి తయారుచేసిన ఒకే రకం యాంటీబాడీ) తప్ప వేరేది వాడకండి. దాని జన్యు క్రమం తెలిసే ఉంటుంది, ప్రతి బ్యాచ్‌నూ ఆ జన్యువు నుంచే చేస్తారు. మామూలు మోనోక్లోనల్ యాంటీబాడీలను తయారుచేసే హైబ్రిడోమా కణాలు ఏళ్లు గడిచేకొద్దీ మారిపోవచ్చు. సిగ్నల్ అసలే బలహీనంగా ఉండే రిసెప్టర్‌తో ఆ టెన్షన్ కూడా ఎందుకు?

1. రెండు ట్యూబుల్లో 100 మైక్రోలీటర్ల చొప్పున రక్తం తీసుకోండి. రెండోదానికి సీసీఆర్7 తప్ప మిగతావన్నీ వేస్తాం. గేటు (గ్రాఫ్‌లో పాజిటివ్, నెగటివ్ కణాలను విడదీసే గీత) ఎక్కడ గీయాలో ఆ ట్యూబే చెబుతుంది.

2. మొదటి ట్యూబులో సీసీఆర్7 ఒక్కటే వేసి, రెండు ట్యూబులనూ 37 డిగ్రీల్లో 20 నిమిషాలు చీకట్లో ఉంచండి.

అందరూ చెడగొట్టేది ఇక్కడే. సీసీఆర్7 కణం పైపొర మీద కుదురుగా ఉండదు. లోపలికి పోతుంది, మళ్లీ పైకి వస్తుంది. ఐస్ మీద పెడితే ఆ రాకపోకలు ఆగిపోతాయి, అప్పటికి పైన ఉన్న కాసిన్ని రిసెప్టర్లకే యాంటీబాడీ అంటుకుంటుంది. గ్రాఫ్‌లో పాజిటివ్, నెగటివ్ కణాలు కలిసిపోయి ఒకే దిబ్బలా కనిపిస్తాయి. వెచ్చగా చేస్తే రెండు గుట్టల మధ్య లోయ తేలుతుంది.

ఇంక్యుబేటర్‌లో గాలికి ట్యూబు నెమ్మదిగా వేడెక్కుతుంది, అందుకే వాటర్ బాత్ అన్నాను. నీళ్ల మట్టం ట్యూబులోని రక్తం కంటే పైన ఉండాలి. డిస్‌ప్లేలో అంకెను నమ్మకుండా నీళ్లలో థర్మామీటర్ ముంచి చూడండి. ఈ దశలో సోడియం అజైడ్ కలిపిన బఫర్ వాడొద్దు, కణాల శక్తి తగ్గితే ఆ రాకపోకలూ తగ్గుతాయి. టైమ్ కలిసొస్తుందని అన్ని యాంటీబాడీలూ కలిపి ఒకేసారి పోసేయకండి. ముందే ఫిక్స్ చేయడం (రసాయనంతో కణాలను స్థిరపరచడం) అసలే వద్దు.

3. మిగతా యాంటీబాడీలు రెండు ట్యూబుల్లోనూ వేసి, గది ఉష్ణోగ్రతలో 20 నిమిషాలు ఉంచండి.

4. ఎర్రకణాలను పగలగొట్టి, సెంట్రిఫ్యూజ్‌లో 300 జీ (గురుత్వ బలానికి 300 రెట్లు) దగ్గర 5 నిమిషాలు తిప్పి, కడిగి, అదే రోజు ఫ్లో సైటోమీటర్‌లో (ఒక్కో కణం మీది రంగు వెలుగును కొలిచే యంత్రం) పెట్టండి.

ఫలితం రాగానే ముందు సీడీ4 కణాలు చూడండి. ఆరోగ్యవంతుల్లో సీడీ45ఆర్‌ఏ ఉన్న సీడీ4 కణాల్లో దాదాపు అన్నింటికీ సీసీఆర్7 ఉంటుంది. అక్కడే పెద్ద గుంపు నెగటివ్‌గా కనిపిస్తే ఆ మనిషి రోగనిరోధక శక్తి గురించి ఏమీ రాయకండి. వాటర్ బాత్ సరిచూసుకుని, కొత్త రక్తంతో మళ్లీ చేయండి.