రీసేల్ షాపులో పాత జోర్డన్లు కొనడం: ఏం చూడాలి, ఎంత ఆశించాలి

రీసేల్ షాపులో స్నీకర్లు కొనేవారు సాధారణంగా మొదట అడిగేది ఆ జత అసలుదా, నకిలీదా అనే. అది అడగవలసిన ప్రశ్నే. అయితే అసలైనదని తేలి, ఒక్కసారి కూడా ఎవరూ వేసుకోలేదని రుజువై, బాక్సుతో సహా ఇంటికి వచ్చిన జత కూడా తొడుక్కుని నాలుగు అడుగులు వేయగానే సోలు పెచ్చులూడి రాలిపోవచ్చు. వాడని జతలన్నీ వాడటానికి పనికొచ్చే జతలు కావు. వేలకు వేలు పోసి కొన్నవారు నిరాశపడేది ఎక్కువగా ఇక్కడే. ఈ వ్యాసంలో బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డన్ పేరుతో నైకీ తెచ్చిన ఎయిర్ జోర్డన్ బూట్లనే ఉదాహరణగా తీసుకుంటున్నాను. నైకీ వీటిని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ విడుదల చేసింది కాబట్టి ఒకే నమూనా, ఒకే రంగు జత వేర్వేరు వయసుల్లో మార్కెట్లో దొరుకుతుంది.

షాపులో అడుగుపెట్టే ముందే తేల్చుకోవలసింది ఒకటుంది: ఆ జతను కాళ్లకు వేసుకోవడానికి కొంటున్నారా, దాచుకోవడానికా? దాచుకునేవారికి బాక్సు, అదనపు లేసులు, ట్యాగులు, ముడత పడని ముందు భాగం ముఖ్యం. వేసుకునేవారికి సోలు గట్టితనమే ముఖ్యం. ఈ రెండు అవసరాలకూ ఒకే జత సరిపోవాలని పట్టుబడితే ధర బాగా పెరుగుతుంది, పాత జతల్లో అయితే అలాంటిది దొరకడమే కష్టం.

రీసేల్ వ్యాపారం చాలావరకు కన్‌సైన్‌మెంట్ పద్ధతిలో నడుస్తుంది. అంటే అల్మారాలో కనిపించే జత షాపు సొంతం కాకపోవచ్చు; ఎవరో అమ్మకానికి తెచ్చి పెడతారు, అమ్ముడయ్యాక షాపు తన కమిషన్ పట్టుకుని మిగతా డబ్బు వారికి ఇస్తుంది. న్యూయార్క్‌లోని ఫ్లైట్ క్లబ్ వంటి షాపులు ఈ పద్ధతికి పేరు తెచ్చాయి. మన దేశంలో క్రెప్‌డాగ్ క్రూ, మెయిన్‌స్ట్రీట్ వంటివి ఈ మార్కెట్‌ను పెంచాయి. ఏ షాపుకు వెళ్లినా జత స్థితి గురించిన వివరణ ఎవరు రాశారో, అమ్మకానికి తెచ్చినవారు చెప్పిందే రాశారా లేక షాపువారు స్వయంగా చూసి రాశారా అన్నది అడగండి. నిజాయతీగా నడిచే షాపు ఈ ప్రశ్నకు నొచ్చుకోదు.

ఆ వివరణలో కొన్ని ప్రత్యేక మాటలు వాడతారు. డెడ్‌స్టాక్ అంటే ఎవరూ వేసుకోని, లేసులు కూడా కట్టని జత అని వాడుక. వీఎన్‌డీఎస్ (వెరీ నియర్ డెడ్‌స్టాక్) అంటే దాదాపు కొత్తది, ఒకటి రెండుసార్లు వేసుకున్నది. పదికి తొమ్మిది, పదికి ఎనిమిది అని మార్కులు వేసేవారూ ఉన్నారు. ఈ మార్కులకు పరిశ్రమ అంతటికీ ఒకే కొలబద్ద లేదు కాబట్టి వాటిని పట్టుకుని బేరం ఆడవద్దు. ముడత ఎక్కడుంది, మడమ కింద ఎంత అరిగింది, రంగు ఎక్కడైనా మళ్లీ పూశారా అని విడివిడిగా అడగండి.

ఇప్పుడు అసలు విషయమైన మిడ్‌సోల్‌కు, అంటే అడుగు రబ్బరుకూ కాలికీ మధ్య ఉండే మెత్తటి పొరకు, వద్దాం. జోర్డన్ 3, 4, 5, 6 నమూనాల మిడ్‌సోల్ పాలీయూరిథేన్ అనే నురుగులాంటి ప్లాస్టిక్‌తో తయారవుతుంది. గాలిలోని తేమ ఈ పదార్థంలోకి మెల్లగా ఇంకి, దాని అణువుల్లోని బంధాలను తెంచుతుంది. ఈ రసాయన చర్యను జలవిశ్లేషణ అంటారు. బూటు బాక్సులో కదలకుండా ఉన్నా ఇది ఆగదు. మొదట మిడ్‌సోల్ మీది రంగులో వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి, కొన్నిసార్లు ఉపరితలం జిగటగా తగులుతుంది, చివరికి లోపలి నురుగు పొడిపొడిగా రాలుతుంది. తేమ ఎక్కువగా ఉండే విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఏళ్ల తరబడి దాచిన జతను మరింత జాగ్రత్తగా పరిశీలించాలి. తయారై పదేళ్లు దాటిన పాలీయూరిథేన్ జతను అనుమానంతోనే చేతిలోకి తీసుకోవాలని, పదిహేనేళ్లు దాటినదాన్ని ప్రదర్శన వస్తువుగానే లెక్కగట్టాలని నా అభిప్రాయం.

జోర్డన్ 3లో బ్లాక్ సిమెంట్ అనే రంగు జతనే చూడండి. 1988లో తొలిసారి వచ్చిన ఈ జతను నైకీ 1994, 2001, 2011, 2018, 2024 వంటి సంవత్సరాల్లో మళ్లీ విడుదల చేసింది. 2011 నాటి జత మడమ మీద జంప్‌మ్యాన్ (బంతితో ఎగురుతున్న జోర్డన్) బొమ్మ ఉంటుంది, 2018 నాటి దాని మీద నైకీ ఎయిర్ గుర్తు ఉంటుంది. ఒక షాపులో 2011 నాటి వాడని జత, 2018 నాటి కొద్దిగా వాడిన జత ఒకే ధరకు పక్కపక్కనే కనిపిస్తే, వేసుకోవడానికి కొనేవారు రెండోదాన్నే ఎంచుకోవాలి. ముందు భాగంలో పడ్డ నాలుగు ముడతలు నడకకు అడ్డం రావు, లోపల చివికిన నురుగు మాత్రం ఎప్పుడైనా మోసం చేస్తుంది.

పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు. షాపువారి అనుమతి తీసుకుని మడమ దగ్గర మిడ్‌సోల్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కండి. ఆరోగ్యంగా ఉన్నది కొద్దిగా లొంగి వెంటనే యథాస్థితికి వస్తుంది. నొక్కిన చోట సొట్ట నిలిచిపోయినా, లోపల కరకరమన్నట్టు అనిపించినా ఆ జతను పక్కన పెట్టండి. తర్వాత ముందు భాగాన్ని నడిచేటప్పుడు వంగేంత మేరకే మెల్లగా వంచి, మిడ్‌సోల్, అప్పర్ (పాదాన్ని కప్పే పై భాగం) కలిసే గీత వెంట వెలుతురులో చూడండి. పైపూత మాత్రమే పగిలితే గీతలు పలుచగా, లోతు లేకుండా ఉంటాయి. నురుగే పగిలితే గీత లోపలికి దిగి, అంచున పొడి కనబడుతుంది. సోలు మార్చిన జతలు కూడా మార్కెట్లో ఉన్నాయి. పాత అప్పర్‌కు కొత్త విడుదల నుంచి తీసిన సోలు అతికించడం పేరున్న పనే, తప్పేమీ కాదు, కానీ ఆ సంగతి చెప్పి అమ్మాలి, ధర కూడా అందుకు తగ్గట్టు ఉండాలి.

జోర్డన్ 1 కథ వేరు. దాని సోలు రబ్బరు కప్పులా ఉంటుంది కాబట్టి పైవాటిలా పొడిగా రాలదు. ఎక్కువ కాలం నిలుస్తుంది, అయితే జిగురు ఎండి సోలు ఊడవచ్చు, చీలమండ చుట్టూ ఉండే కాలర్ పూత పగలవచ్చు. 2022 నవంబరులో వచ్చిన లాస్ట్ అండ్ ఫౌండ్ అనే జోర్డన్ 1 జత ఇక్కడ కొత్తవారిని తికమక పెడుతుంది. 1985 నాటి షికాగో రంగులను (ఎరుపు, తెలుపు, నలుపు) గుర్తుచేసేలా చేసిన ఈ జతలో కాలర్ తోలును ఫ్యాక్టరీలోనే పగిలినట్టు తయారుచేశారు, మిడ్‌సోల్‌కు పాతబడిన లేత పసుపు ఛాయ ఇచ్చారు, బాక్సుకు పొంతన లేని మూత పెట్టి, పాతకాలపు బిల్లులాంటి కాగితం కూడా జతచేశారు. వీటిని లోపాలుగా భావించి తిప్పి పంపడం అనవసరం. అదే సమయంలో, బొటనవేలి దగ్గర గీరుకుపోవడం, మడమ లోపలి బట్ట చిరగడం వంటి నిజమైన నష్టాన్ని కూడా ‘ఇది ఇలాగే వస్తుంది’ అని చెబితే ఒప్పుకోకండి. కొత్త జత ఫోటోలను పక్కన పెట్టుకుని ఒక్కొక్క భాగాన్నీ పోల్చి చూడండి.

జోర్డన్ 11, 5 వంటి వాటిలో పారదర్శకమైన సోలు కాలక్రమంలో పసుపు పచ్చబడుతుంది. అది సహజం. పదేళ్ల నాటి జత సోలు నీలిమంచులా మెరుస్తుంటే పెరాక్సైడ్‌తో తెల్లబరిచారా అని అడగాలి, ఎందుకంటే ఆ మెరుపు తగ్గి మళ్లీ పసుపు రావచ్చు.

కొన్ని లోపాలను మాత్రం మనస్ఫూర్తిగా అంగీకరించాలి. అతుకు దగ్గర కొద్దిగా జిగురు, వదులైన దారం, రెండు బూట్ల కుట్టులో స్వల్ప తేడా వంటివి కంపెనీ దుకాణంలో కొన్న కొత్త జతల్లోనూ ఉంటాయి. రీసేల్ షాపులు వీటిని లోపాలుగా లెక్కించవు.

బూటు లోపలి ట్యాగు చదవడం తప్పక నేర్చుకోండి. నైకీ ట్యాగు మీద స్టైల్ కోడ్, తయారీ తేదీలు, సైజులు ఉంటాయి. లాస్ట్ అండ్ ఫౌండ్ పురుషుల జతకు ఆ కోడ్ డీజడ్5485-612. అదే కోడ్ బాక్సు లేబుల్ మీద కూడా ఉండాలి. కోడ్ కలిసినంత మాత్రాన జత అసలైనదని కాదు, కలవకపోతే మాత్రం సంజాయిషీ అడగవలసిందే. మిడ్‌సోల్ వయసు తెలిసేది తయారీ తేదీ వల్లనే కనుక అమ్మేవారు చెప్పిన సంవత్సరాన్ని దానితో సరిచూసుకోండి. సైజు విషయంలో యూకే, యూఎస్ అంకెలు కలగలుపుకోవద్దు: నైకీ పురుషుల బూట్లలో యూఎస్ 9 అంటే యూకే 8, అడిడాస్‌లో అదే యూఎస్ 9 యూకే 8.5 అవుతుంది.

ఆన్‌లైన్‌లో కొంటే పగటి వెలుతురులో తీసిన ఫోటోలు అడగండి: రెండు బూట్లూ అన్ని వైపుల నుంచి, అడుగు భాగం, ఇన్‌సోల్ (లోపల పాదం కింద ఉండే అట్ట), మడమ లోపలి బట్ట, ట్యాగు, మిడ్‌సోల్ దగ్గరి నుంచి. చాలా షాపులు అమ్మిన జతను తిరిగి తీసుకోవు కనుక ఆ నియమాన్ని డబ్బు కట్టకముందే చదవాలి. స్టైల్ కోడ్, సైజు, స్థితి గురించి షాపు చెప్పిన మాటలు బిల్లు మీద రాయించుకోండి; తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయడానికి ఆ కాగితమే ఆధారం. పార్సిల్ విప్పేటప్పుడు ముద్ర తెగే క్షణం నుంచి ఆపకుండా వీడియో తీయండి. ఆ తర్వాత జతను వెంటనే వీధిలోకి వేసుకెళ్లకుండా, ఇంట్లో తుడిచిన నేల మీద ఒక పాత దుప్పటి పరిచి, దాని మీద పది నిమిషాలు నడిచి, దుప్పటి మీద పొడి గానీ రంగు పెచ్చులు గానీ రాలాయేమో చూడండి. అడుగు మురికి కాకుండా ఉంటేనే షాపుతో మాట్లాడే అవకాశం మిగులుతుంది.