పీహెచ్‌డీ గడువు ఎక్కడ జారుతోంది?

సమస్య: "ఇంకో నెలలో అయిపోతుంది సార్" అని గైడ్‌తో ప్రతి నెలా అనాల్సి వస్తోంది.

కారణం బద్ధకం కాదు. అంతా సాఫీగా సాగితే ఎన్నాళ్లు పడుతుందో, ఆ తేదీనే మాటిచ్చేస్తాం. మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్యూలర్, గ్రిఫిన్, రాస్ 1994లో ప్రచురించిన పరిశోధనలో, కెనడాలో థీసిస్ రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో ముగిస్తామన్నారు. అన్నీ ఎదురుతిరిగితే 49 రోజులన్నారు. పట్టింది 55 రోజుల పైనే!

పరిష్కారం: మీ అంచనా పక్కన పెట్టి, ఇదే పని సీనియర్లకు ఎన్నాళ్లు పట్టిందో కనుక్కుని ఆ లెక్కే వేసుకోండి.

సమస్య: వ్యవసాయ పరిశోధనలో ఫీల్డ్ వర్క్ ఏకంగా ఏడాది వెనక్కి పోయింది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే. షెడ్యూల్ మన వీలును బట్టి వేసుకుంటాం, పొలానికి దాని అదను దానికుంటుంది. జులైలో ప్రశ్నావళి పట్టుకుని ఊళ్లోకి వెళ్తే వరి నాట్ల హడావుడిలో ఉన్న రైతు గంటసేపు కూర్చుని ఎలా మాట్లాడతాడు? ఖరీఫ్ ట్రయల్ (వానాకాలపు పంట ప్రయోగం) వేసేవాళ్లకైతే అదను తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే.

పరిష్కారం: వెనక నుంచి లెక్కపెట్టండి. జూన్‌లో విత్తాలంటే మే నెలాఖరుకి మట్టి నమూనాలు తీసి ఉండాలి. అంతకుముందే విత్తనం చేతికి రావాలి, దానికన్నా ముందు ప్లాట్ కేటాయింపు జరగాలి. సర్వే అయితే దానికి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ముందు తెలుసుకోండి. మన చేతిలో లేని తేదీలన్నీ వేశాకే మన పనులు రాయాలి.

సమస్య: డేటా ఉంది, చాప్టర్ లేదు.

"విశ్లేషణ, రచన: 6 నెలలు" అని ఒక్క లైన్‌లో తేల్చేయడం వల్ల. చిన్న చిన్న పనులుగా విడగొట్టి "మూడో పట్టిక, శుక్రవారానికి" అని రాసుకోండి. గైడ్ చదివి ఇచ్చే వారాలనూ కలపండి.

సమస్య: ఆరేళ్లున్నాయి కదా అనుకుంటే డబ్బులు ముందే ఆగిపోయాయి.

యూజీసీ 2022 నిబంధనల్లో గరిష్ఠ గడువు ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, మహిళలకు ఆపైన ఇంకో రెండేళ్ల సడలింపు. కానీ జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ (జూనియర్, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లు) కలిపి ఐదేళ్లే. కాబట్టి థీసిస్ సమర్పణకు ఫెలోషిప్ ఆఖరి నెలనే గడువుగా పెట్టుకోండి. ప్రతి సెమిస్టర్ సలహా కమిటీ ముందుకు ఎలాగూ వెళ్లాలి. మారిన తేదీలు అక్కడే చూపించి మినిట్స్‌లో (సమావేశ నమోదులో) రాయించండి.