‘షార్ప్ ఆబ్జెక్ట్స్’ను మొదటిసారి చూడబోయేవారికి

హంతకుడెవరో కనిపెట్టాలన్న ఆత్రంతో ‘షార్ప్ ఆబ్జెక్ట్స్’ టీవీ సిరీస్ మొదలుపెట్టి, రెండు భాగాలు గడిచినా దర్యాప్తు అంగుళమైనా ముందుకు సాగలేదని విసుక్కొని మానేసినవారు నాకు తెలిసినవారిలోనే నలుగురైదుగురు ఉన్నారు. నేరపరిశోధన కథలకు అలవాటుపడిన కన్ను ఆధారాల కోసం శవం దొరికిన చోటును వెదుకుతుంది. ఈ సిరీస్‌లో వెదకవలసినది మాత్రం భోజనాల గదిని, మేడమెట్లను, మూసి ఉన్న పడకగది తలుపును. ఆ సంగతి ముందే తెలిసినవారికి ఇది నెమ్మదిగా నడిచే కథ అనిపించదు సరిగదా, ప్రతి సన్నివేశంలోనూ ఏదో ఒకటి బయటపడుతూనే ఉంటుంది.

అమెరికాలో హెచ్‌బీఓ ఛానల్ దీన్ని 2018 జులై 8 నుంచి ఆగస్టు 26 వరకు, ఆదివారానికి ఒకటి చొప్పున, 8 భాగాలుగా ప్రసారం చేసింది. జిలియన్ ఫ్లిన్ 2006లో వెలువరించిన తొలి నవల దీనికి మూలం. టెలివిజన్ కోసం దీన్ని మార్టీ నాక్సన్ రూపొందించగా, 8 భాగాలకూ జాన్-మార్క్ వాలే ఒక్కరే దర్శకత్వం వహించారు. ఎనిమిదో భాగంతో కథ పూర్తయిపోతుంది, రెండో సీజన్ లేదు.

సెయింట్ లూయిస్‌లో విలేకరిగా పనిచేసే కమీల్ ప్రీకర్‌ను ఆమె సంపాదకుడు ఫ్రాంక్ కరీ, ఆమె పుట్టిపెరిగిన విండ్ గ్యాప్‌కు పంపించడంతో కథ మొదలవుతుంది. మిస్సోరీ రాష్ట్రంలో ఉన్నట్టుగా కల్పించిన చిన్న ఊరు అది. అక్కడ ఒక బాలిక హత్యకు గురైంది, మరో బాలిక కనిపించకుండా పోయింది. ఊరికి బతుకుదెరువైన పందుల వ్యాపారం కమీల్ తల్లి అడోరాది కాబట్టి ఊళ్లో ఆమె మాటకు ఎదురులేదు. ఆ పెద్ద ఇంట్లో అడోరాతో పాటు కమీల్ మారుతండ్రి ఆలన్, కమీల్ పెద్దదయ్యాక పుట్టిన చెల్లెలు ఆమా ఉంటారు. మరియన్ అనే మరో చెల్లెలు చిన్నతనంలోనే చనిపోయింది. ఆ చావు తరువాత ఇంట్లో ఎవరూ నోరు విప్పని విషయాలన్నీ కమీల్ ఒంటి మీద మచ్చలై మిగిలాయి. ఆమె తన శరీరాన్ని తానే గాయపరచుకుంది, ఆ గాయాలన్నీ మాటల రూపంలో ఉంటాయి. కమీల్‌గా ఎమీ ఆడమ్స్, అడోరాగా పట్రీషియా క్లార్క్‌సన్, ఆమాగా ఎలైజా స్కాన్లెన్ నటించారు. అడోరా పాత్రకు క్లార్క్‌సన్ 2019 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ అందుకున్నారు.

చూడాలా వద్దా అన్నది ఇక్కడే నిజాయితీగా తేల్చుకోవాలి. స్వీయహాని ఈ కథలో ఒక మలుపు కోసం వాడుకున్న వస్తువు కాదు, మొదటి భాగం నుంచి చివరి భాగం దాకా కెమెరా దాని వెంటే నడుస్తుంది. కమీల్ మద్యపానం కూడా అంతే. నీళ్ల సీసాలో వోడ్కా పోసుకొని తిరిగే మనిషిని దాదాపు ప్రతి భాగంలోనూ చూడవలసి ఉంటుంది. మీరు గతంలో మిమ్మల్ని గాయపరచుకొని ఉన్నా, ఆ ఆలోచన ఈ మధ్య తిరిగి తలెత్తుతున్నా, దీన్ని ఇప్పుడు పక్కన పెట్టమనే నా సలహా. సిరీస్ ఎక్కడికీ పోదు, మనసు కుదుటపడ్డాక, నమ్మకమైన మనిషి పక్కన ఉండగా చూడవచ్చు. ఆ ఆలోచన ఇప్పటికే ఊపిరాడనీయకుండా ఉంటే మాత్రం సిరీస్ సంగతి వదిలి ఎవరితోనైనా మాట్లాడండి. భారతదేశంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416, అమెరికాలో ఉన్నవారికి 988.

చూడడానికి సిద్ధమైనవారు సైతం అన్ని భాగాలనూ ఒకే బిగిన చూడకూడదు. ప్రసారమైనప్పుడు వారానికి ఒకటే వచ్చింది, అందులో ఒక మేలుంది. ఒక్కో భాగం సుమారు గంటసేపు నడుస్తుంది, ఆ గంటలో మనసులో చేరే బరువు దిగడానికి కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు మూడు రోజులు పడుతుంది. పడుకోబోయే ముందు చూడడం కూడా మంచిది కాదు. పగటివేళ చూసి, తరువాత బయట కాసేపు నడిచి రావడం నాకు బాగా పనిచేసింది. ఫోన్ చేతిలో పెట్టుకొని చూడడానికి మాత్రం ఇది బొత్తిగా పనికిరాదు. అందుకు కారణం నీతి కాదు, ఎడిటింగ్.

వాలే ఈ సిరీస్‌లో గతాన్ని చెప్పే పద్ధతి మామూలు ఫ్లాష్‌బ్యాక్ పద్ధతి కాదు. తెర మసకబారడం, సంగీతం మారడం, ‘ఇరవై ఏళ్ల క్రితం’ అన్న అక్షరాలు పడడం ఇక్కడ ఉండవు. కమీల్ ఒక తలుపు తెరుస్తుంది, తలుపు అవతల అడుగుపెట్టేది చిన్ననాటి కమీల్. ఒక్క క్షణం కూడా నిలవని దృశ్యాలు వచ్చి పోతుంటాయి, అవి జ్ఞాపకాలా, భయాలా, ఊహలా అన్నది వెంటనే తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదు, వెనక్కి తిప్పి ఆపి చూడవద్దు. మరిచిపోవాలనుకున్నది మనిషికి గుర్తుకొచ్చే తీరే అది కాబట్టి, ఆ తికమకను తికమకగానే ఉండనివ్వడం ఈ సిరీస్ చూడడంలో మొదటి పాఠం. రెండు మూడు భాగాలు గడిచేసరికి ఆ ముక్కలు వాటంతటవే ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి.

ఆపి చూడదగినవి వేరే ఉన్నాయి. కారు మీదనో, తలుపు చెక్క మీదనో, దారి పక్కన బోర్డు మీదనో ఒక ఆంగ్ల పదం తటాలున కనిపించి, మరుక్షణం మాయమవుతుంది లేదా వేరే పదంగా మారిపోతుంది. కమీల్ ఒంటి మీది మాటలు ఆమె చూసే లోకమంతటా పరచుకున్నట్టు వీటిని అమర్చారు. ఎనిమిది భాగాలకూ పెట్టిన ఒంటిపదపు పేర్లు (మొదటిది ‘వానిష్’, చివరిది ‘మిల్క్’) ఆ కోవలోనివే. అయితే మొదటిసారి చూసేటప్పుడు వీటిని వేటాడడం మొదలుపెడితే కథ చేజారిపోతుంది. కనిపించినదాన్ని గమనించి ముందుకు సాగి, మిగిలినవాటిని రెండోసారికి అట్టిపెట్టుకోవడం మేలు.

చెవికి కూడా పని ఉంది. పాటలు చాలావరకు పాత్రలు తామే పెట్టుకొని వింటున్నవి, అంటే కమీల్ కారులో, పగిలిన గాజు ఉన్న ఫోన్‌లో, ఆలన్ ఖరీదైన స్టీరియోలో మోగేవి. ఎవరు ఏ సమయంలో పాట పెడుతున్నారో, ఏ మాట వినబడకుండా చేయడానికి పెడుతున్నారో కాస్త గమనించండి. ముఖ్యంగా ఆలన్ విషయంలో ఇది నేను కొంచెం ఆలస్యంగా గ్రహించాను. ఇంట్లో ఏదో జరుగుతున్నప్పుడల్లా ఆ పెద్దమనిషి హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చోవడం తొలుత అతని అభిరుచిగా కనిపిస్తుంది, పోనుపోను అది అతని నేరంగా కనిపించడం మొదలవుతుంది. మొదట్లో వచ్చే పేర్ల సంగీతాన్ని కూడా దాటవేయవద్దు, ఒకే స్వరరచనను ఒక్కో భాగానికి ఒక్కో రూపంలో వినిపించారు.

ఇప్పుడు ఇంటి సంగతి. అడోరా మొదటిసారి తలుపు తీసి, ఏళ్ల తరువాత వచ్చిన కూతురిని చూసి, అతిథుల కోసం ఇల్లు సర్దలేదని చెబుతుంది. కన్నకూతురిని అతిథిగా మార్చే ఆ మర్యాదే ఈ సిరీస్‌లో అసలైన హింస. అరుపులు లేవు, చేయి చేసుకోవడం అరుదు, అంతా మెత్తని గొంతుతో, శుభ్రమైన బట్టలతో, సమయానికి అందే పానీయాలతో జరిగిపోతుంది. కాబట్టి ప్రతి భాగంలోనూ ‘హత్య ఎవరు చేశారు’ అన్న ప్రశ్నను కాసేపు పక్కనబెట్టి, ‘ఈ ఇంట్లో ఎవరు ఎవరిని చూసుకుంటున్నారు, అందుకు బదులుగా ఏం కోరుతున్నారు’ అని అడిగి చూడండి. ఊరి మీద ముద్దుబిడ్డగా, ఇంట్లో పసిపిల్లగా, రాత్రివేళ చక్రాల బూట్ల మీద మరో మనిషిగా తిరిగే ఆమా, ఆ ప్రశ్న వేసుకున్న తరువాతే అర్థమవుతుంది. ఆమె ఆడుకునే బొమ్మరిల్లు వాళ్ల ఇంటికే అచ్చమైన నకలు. ఆ బొమ్మరిల్లు తెర మీద ఉన్నంతసేపూ కళ్లు పక్కకు తిప్పవద్దు, ఇంతకు మించి దాని గురించి చెప్పను.

అడోరా మనసు కలత చెందినప్పుడు తన కనురెప్పల వెంట్రుకలు తానే పీక్కుంటుంది. చాలామంది గమనించని చిన్న చేష్ట అది. కూతురి మచ్చలను ఊరంతా అసహ్యించుకుంటుంది, తల్లి చేష్టను మాత్రం ఎవరూ ఎత్తరు. స్వీయహాని అంటే ఒక చెడిపోయిన పిల్ల కథ కాదని, నొప్పిని మాటల్లో చెప్పనివ్వని ఇంట్లో అది తరం నుంచి తరానికి రూపు మార్చుకుంటుందని చెప్పడానికి సిరీస్ ఒక్క సంభాషణ కూడా ఖర్చుపెట్టలేదు. నిజజీవితంలోనూ, తమను తాము గాయపరచుకునేవారిలో చాలామంది చావు కోరి అలా చేయరు. భరించలేని భావాన్ని కాసేపు అదుపులోకి తెచ్చుకోవడానికో, మొద్దుబారిపోయిన స్థితి నుంచి బయటపడడానికో చేస్తారు. అంతమాత్రాన ప్రమాదం లేదని కాదు, అలా గాయపరచుకునేవారికి ఆత్మహత్య ముప్పు ఇతరుల కంటే ఎక్కువ. ‘నలుగురి దృష్టిలో పడడానికి’ అనే మాట వారిలో ఎందరికో ఎందుకు పొసగదో కమీల్ పొడవు చేతుల నల్ల దుస్తులు చూస్తేనే తెలుస్తుంది, మండుటెండలో కూడా ఆమె వాటిని విడవదు.

ఏ భాగంలో ఏ బరువు ఉందో ముందే తెలిస్తే కొంత సిద్ధపడవచ్చు, కథ రహస్యం దీనివల్ల చెడిపోదు. అన్నిటికంటే కష్టమైనది మూడోది, అందులో చికిత్సాలయంలో కమీల్ గడిపిన రోజులు, ఆమె గదిలోనే ఉన్న ఒక అమ్మాయి ఆత్మహత్య వస్తాయి. ఇలాంటి దృశ్యాలు మీకు పడవనుకుంటే ఆ భాగాన్ని ఒంటరిగా చూడవద్దు. నాలుగో భాగం నాటికి కమీల్ యవ్వనంలో అడవిలో జరిగిన లైంగిక హింస ప్రస్తావన స్పష్టమవుతుంది. ఐదో భాగంలో కాల్హూన్ డే అనే ఊరి ఉత్సవం జరుగుతుంది. అంతర్యుద్ధ కాలంలో శత్రుసైనికులు ఎంత హింసించినా భర్త జాడ చెప్పని ఒక బాలవధువు త్యాగాన్ని ఊరి పిల్లలు నాటకంగా ఆడతారు, పెద్దలు చప్పట్లు కొడతారు. ఆడపిల్ల ఓర్పును పండగ చేసుకునే ఊరు ఎలాంటిదో ఆ ఒక్క నాటకం చాలు. అదే భాగంలో బట్టల దుకాణంలో కమీల్ తన మచ్చలు తల్లికి, చెల్లెలికి చూపవలసి వచ్చే సన్నివేశం, చివరలో వరండాలో తల్లి ఆమెతో అనే ఒక మాట ఉన్నాయి. రక్తం లేకపోయినా ఎనిమిది భాగాల్లోనూ నన్ను ఎక్కువగా కుదిపినవి అవే. ఏడు, ఎనిమిది భాగాలు మాత్రం ఒకదాని వెంట ఒకటి చూసినా తప్పు లేదు, మధ్యలో ఆపితేనే ఆందోళన పెరుగుతుంది.

చివరి భాగాల్లో ఒక వైద్యపదం వినిపిస్తుంది. దాన్ని ఇంటర్నెట్‌లో వెతకడం, సిరీస్ పేరు పక్కన ఏ పాత్ర పేరైనా టైప్ చేయడం ముగింపు చూసేదాకా మానుకోండి. మీరు అడగకముందే జవాబు తెర మీద పడుతుంది.

ఇంట్లో ఎవరితోనైనా కలిసి చూస్తుంటే, పక్కనున్న మనిషి తెర మీదకంటే తన చేతుల మీదకు ఎక్కువగా చూస్తున్నా, ఉన్నట్టుండి లేచి వెళ్లిపోయినా, ఆ క్షణంలోనే నిలదీయవద్దు. సిరీస్ ఆపి, కాసేపు మామూలు మాటలు మాట్లాడి, ఇద్దరే ఉన్నప్పుడు నేరుగా అడగండి, ‘నీకెప్పుడైనా ఇలా అనిపించిందా, చనిపోవాలనిపించిందా’ అని. అడగడం వల్ల లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. చాలాసార్లు అడిగినందుకు ఎదుటివారికి గుండె తేలికపడుతుంది. మచ్చలు చూపించమనడం, ఇక మీదట చేయనని ఒట్టు వేయించుకోవడం, ఇంటిల్లిపాదికీ చెప్పేస్తానని బెదిరించడం, ఈ మూడూ బట్టల దుకాణంలో అడోరా చేసిన పని కంటే పెద్దగా భిన్నమైనవి కావు. సంపాదకుడు కరీ ఫోన్‌లో కమీల్‌తో మాట్లాడే తీరు చూడండి. అతను ఉపదేశించడు, ఊరికే ఆరా తీస్తాడు, మళ్లీ ఫోన్ చేస్తాడు. అయితే ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే రహస్యం దాచుతానని మాట ఇవ్వకుండా, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, వైద్య సహాయం అందే ఏర్పాటు చేయాలి.

ఎనిమిదో భాగంలో కథ ముగిసిందని మీకు గట్టిగా అనిపించే ఘట్టం ఒకటి వస్తుంది, దాని తరువాత ఇంకా కొన్ని నిమిషాలుంటాయి. ఆ తరువాత తెర నల్లబడి పేర్లు పడడం మొదలైనా లేవవద్దు, రిమోట్ ముట్టుకోవద్దు. పేర్ల నడుమ క్షణాల్లో మెరిసి మాయమయ్యే దృశ్యాలున్నాయి, అవి చూడనివారు సగం కథే చూసినట్టు. అంతా అయ్యాక ఒక వారం ఆగి, మొదటి భాగం మాత్రం మళ్లీ పెట్టుకోండి. ఈసారి కమీల్‌ను వదిలేసి, తొలిసారి బొమ్మరిల్లు పక్కన కనిపించే ఆమా ముఖాన్నే చూడండి.