పచ్చి వాల్‌నట్‌లు ఊరబెట్టే ముందు జాగ్రత్తలు

ముందు సూది పరీక్ష. కాడకు ఎదురు కొసలో గుచ్చండి, పెంకు గట్టిపడటం మొదలయ్యేది అక్కడే. సూది ఆగిందా, ఆ కాయ పనికిరాదు. ఎంత ఊరినా పెంకు మెత్తబడదు.

రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. రసం మొదట నీళ్లలాగే కనిపించి మోసం చేస్తుంది. కాసేపటికి చేతులు నల్లబడతాయి, సబ్బుకు లొంగవు. బట్టలకైతే ఆ మరక పోదనే అనుకోండి.

గాజు లేదా పింగాణీ జాడీ వాడండి. ఇనుము, అల్యూమినియం వద్దు.

లీటరు నీటికి 100 గ్రాముల ఉప్పు. ప్రతి కాయకూ ఫోర్కుతో నాలుగైదు గాట్లు పెట్టకపోతే ఉప్పు లోపలికి దిగదు, చేదు అలాగే ఉంటుంది. పైకి తేలిన కాయకు బూజు పడుతుంది, అందుకే పైన బరువు పెట్టండి. వారానికి ఉప్పునీరు మార్చి, మరో వారం ఉంచాలి.

ఉప్పునీటి తర్వాత కాయలను ఊరబెట్టే వెనిగర్ 5 శాతం ఆమ్లత్వానికి తగ్గకూడదు, నీళ్లు కలపకండి.

నట్స్ ఎలర్జీ ఉన్నవారికి పెట్టొద్దు.